అంతస్తులమ్మ తొంగిచూసిన లైను

కంప్యూటర్ పనిచేయడం లేదని ఎవరైనా పిలిస్తే ఆవిడ తెర వైపు చూడదు. ముందు బల్ల కిందికి వంగుతుంది. కళ్ళజోడు తలమీదికి నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, గోడలోంచి వచ్చే తీగ సరిగ్గా గుచ్చి ఉందా, దాని పక్కన ఆవగింజంత పచ్చదీపం మిణుకుమంటోందా అని చూస్తుంది. ఆ తర్వాతే లేచి, చేతులు దులుపుకుని, ఒక్కో మెట్టూ పైకి వస్తుంది.

"మేడమ్, తప్పు తెర మీద కనిపిస్తుంటే మీరు బల్ల కింద వెతుకుతారేంటి?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు.

"పైన కనిపించింది పైనే పుట్టిందని నీకెవరు చెప్పారు? కింది అంతస్తు బాగుందని తేలాకే పై అంతస్తు మాట" అంటుంది.

ఈ మాట ఏళ్ళ తరబడి అని అని, నీటి సరఫరా ఆఫీసులో ఆవిడ పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది. మనుషుల నోళ్ళలో మాత్రం అంతస్తులమ్మే. ఎదురుపడితే మేడమ్, నాలుగడుగులు దాటాక అంతస్తులమ్మ. కేబుల్ మేస్త్రీ ఒక్కడే ఆ పేరుతో ముఖాన్నే పిలుస్తాడు. ఆవిడ పలుకుతుంది కూడా.

ఆ ఊళ్ళో ముప్పై ఒక్క నీళ్ళ ట్యాంకులు ఉన్నాయి. పొడుగు కాళ్ళ మీద నిలబడి, ఇళ్ళ మధ్య ఎక్కడికక్కడ ఆకాశానికి బొడిపెల్లా కనిపిస్తాయి. ఒక్కో ట్యాంకు కింద టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. నిమిషానికోసారి ఆ పెట్టె, నాలో ఇన్ని మీటర్ల నీళ్ళున్నాయి అని చెబుతుంది. ఆ మాట ఊరు దాటి కంట్రోల్ రూమ్ గోడ మీది బోర్డుకు చేరి నీలం గీతలా వెలుగుతుంది. బోర్డు ముందు బాబాయ్ కూర్చుంటాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, అందుకే అందరికీ బాబాయ్. గీత దిగితే మోటారు వేస్తాడు, నిండితే ఆపుతాడు. పెట్టె నుంచి బోర్డు దాకా ఆ మాటను మోసుకొచ్చే ప్రోగ్రాం అంతస్తులమ్మ రాసింది.

అది ఒక ప్రోగ్రాం కాదు. ఒకదాని భుజాల మీద ఒకటి నిలబడ్డ నాలుగు. అన్నిటికంటే పైదానికి రెండే సంగతులు తెలుసు: ఏ ట్యాంకు, ఎన్ని మీటర్లు. దాని కిందది ప్రతి మాటకూ ఒక నంబరు వేస్తుంది, అవతలి నుంచి అందిందన్న కబురు వచ్చేదాకా కాచుకుంటుంది, రాకపోతే మళ్ళీ పంపుతుంది. ఆ మాటలో ఉన్నది నీళ్ళో నిప్పులో దానికి పట్టదు. మూడోది దారి చూసేది. ఈ టవర్ పలకకపోతే ఆ టవర్ మీదుగా తిప్పి పంపుతుంది. అన్నిటికంటే కిందది ఒట్టి కూలీ. ఇచ్చినదాన్ని రేడియో అలలుగా మార్చి గాలిలోకి విసురుతుంది, గాలిలోంచి పట్టుకుని పైకి అందిస్తుంది.

ట్యాంకు దగ్గరి పై అంతస్తు, కంట్రోల్ రూమ్‌లోని పై అంతస్తుతో ముఖాముఖి మాట్లాడుతున్నాననుకుంటుంది. నిజానికి అది తన మాటను కిందివాడి చేతిలో పెట్టి ఊరుకుంటుంది. కిందివాడు దాని మీద తన చీటీ అంటించి ఇంకా కిందికి ఇస్తాడు. ఆ కిందివాడు తన చీటీ అంటిస్తాడు. అలా మెట్లు దిగి, గాలి దాటి, అవతల మళ్ళీ మెట్లెక్కుతున్నప్పుడు ఎవరి చీటీ వాళ్ళు చింపుకుంటారు. తనది కాని చీటీ ఎవరూ చదవరు. చివరికి పైకి చేరేది మొదట బయలుదేరిన మాటే, మడత నలగకుండా.

దీనంతటికీ ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎవరి అంతస్తు పని వాళ్ళు చేసుకోవాలి. పైవాడు కిందివాణ్ణి పని అడగొచ్చుగాని, ఎలా చేస్తున్నావని తొంగిచూడకూడదు. అలా ఉంటేనే రేపు కింది అంతస్తు మొత్తం మార్చేసినా పైవాళ్ళ నిద్ర చెడదు.

ఈ నియమం ఆవిడకు ఊరికే రాలేదు. మొదట్లో ఆవిడ ఆ ఆఫీసులో ఫోను దగ్గర గుమాస్తా. ఒక్కో ట్యాంకు కాపలాదారూ గంటకోసారి ఫోన్ చేసి "అమ్మా, నాలుగూ రెండు" అంటే, 4.2 మీటర్లని సుద్దముక్కతో నల్లబల్ల మీద రాసేది. సాయంత్రం తరగతులకు వెళ్ళి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ట్యాంకుల దగ్గర ఫోను తీగలకు పెట్టెలు తగిలించి, పిల్లి తోక తొక్కినట్టు కీచుమనే శబ్దాలతో మట్టాలు తెప్పించింది. అప్పుడు రాసిన ప్రోగ్రాం ఒక్క ముద్ద. నీళ్ళూ, నంబర్లూ, కీచులూ అన్నీ కలిపి పిసికిన ముద్ద. ఫోను తీగలు తీసేసి రేడియో పెట్టిన ఏడాది ఆ ముద్దలో ఏ దారం లాగినా అంతా ఊడొచ్చింది. నాలుగు నెలలు పట్టింది మళ్ళీ రాయడానికి. అప్పుడే తీర్మానించుకుంది, ఈసారి అంతస్తులుగా కడతానని.

కట్టింది. పద్దెనిమిదేళ్ళు నడిచింది. కాని కట్టినప్పటి నుంచీ కింది అంతస్తును మార్చాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. తాళం చేయించుకున్నాడు, తలుపు వేసి చూసుకోలేదు అన్నట్టుంది ఆవిడ పరిస్థితి.

ఈ ఏడు ఆ అవసరం వచ్చింది. వీధుల కింద గాజుతీగ కేబుల్ వేశారు. గాలిలో ఉరుములకూ చెట్లకూ చిక్కుపడే రేడియో బదులు వెంట్రుకంత గాజులో వెలుగు పరుగెడుతుంది. మేస్త్రీ ఆరు నెలలు గోతుల్లో దిగి ఆ పని చేశాడు. కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరు మీటింగు పెట్టాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు, ఎక్కువసేపు కలం మూత తీసి పెడుతుంటాడు.

"బయటి కంపెనీ ఒక ప్యాకేజీ చూపించింది. పెట్టె నుంచి బోర్డు దాకా అన్నీ వాళ్ళవే. పాతది తీసేసి అది పెట్టమంటున్నారు. మీరేమంటారు?" అన్నాడు.

"రేడియో అంతస్తు ఒక్కటి తీసి కేబుల్ అంతస్తు పెడితే చాలు సార్. పైన ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు" అంది అంతస్తులమ్మ.

"ఒక్క లైను కూడానా?"

"ఒక్కటి కూడా."

మూత టక్కున పడింది. "సరే. ముప్పై ఒకటీ ఒక పగలంతా తప్పు లేకుండా చూపిస్తే మీది ఉంచుదాం. లేదంటే ప్యాకేజీ."

ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. ఫిర్యాదుల విభాగంలో కిటికీ పక్కన కుర్చీ వేస్తారు, ఫ్యాను కూడా ఉంటుంది. కాని ఊరు నిద్రలేచి కుళాయి తిప్పినప్పుడల్లా, ఆ నీటి వెనక తన నాలుగు అంతస్తులూ చప్పుడు లేకుండా మెట్లెక్కి దిగుతున్నాయన్న ఎరుక ఒకటుంది. ముఖం కడుక్కుంటూ ఆవిడ రోజూ దాన్ని తాకుతుంది. అది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు. పోతే మాత్రం తెలుస్తుంది.

పరీక్ష గురువారం. పొద్దున ఆరింటికి మేస్త్రీ రేడియో ఆపి కేబుల్ కలిపాడు. బోర్డు మీద ముప్పై ఒక్క నీలం గీతలూ ఒక్క క్షణం వెలవెలబోయి మళ్ళీ వెలిగాయి. ఏడైంది. ఎనిమిదైంది. బాబాయ్ కాళ్ళు చాపుకుని పేపరు విప్పాడు. అంతస్తులమ్మ పక్కనే కూర్చుని, చల్లారిన కాఫీని వేడిగా ఉందనుకుని ఊదుకుంటూ తాగింది.

తొమ్మిదిన్నరకు బాబాయ్ పేపరు దించాడు.

"అమ్మాయ్, గుట్ట ట్యాంకు ఇవాళ మరీ బుద్ధిగా ఉందే."

"అంటే?"

"ఆరింటికి నాలుగూ రెండు. ఇప్పుడూ నాలుగూ రెండు. గుట్ట కింద నాలుగు వేల కొంపలు. స్నానాలు మానేశారా ఏం?"

ఆవిడ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. మిగతా ముప్పై గీతలూ దిగుతూ ఎక్కుతూ ఊపిరి తీసుకుంటున్నాయి. గుట్ట ట్యాంకు గీత ఒక్కటి ఫొటోలో మనిషిలా నిలబడి ఉంది. తప్పు ఎర్రగా మెరిసి ఉంటే బాగుండేది. ఇది ప్రశాంతంగా ఉంది.

మేస్త్రీ ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. ఫోన్ చేస్తే, నిచ్చెనెక్కి లోపలికి చూసి చెప్పాడు. "ఒకటిన్నర కూడా లేదమ్మా. అడుగు కనబడుతోంది."

బాబాయ్ మోటారు వేశాడు. ఎవరి కుళాయీ ఎండలేదు. ఇంకో గంటన్నరైతే ఎండేది.

అంతస్తులమ్మ తన అలవాటు ప్రకారం కింది నుంచి మొదలుపెట్టింది. కేబుల్ బాగుంది. పచ్చదీపం మిణుకుమంటోంది. గుట్ట నుంచి మాటలు వస్తున్నాయి, దారి తప్పడం లేదు, నంబర్లు వరసగా ఉన్నాయి, అందిందన్న కబుర్లు వెళ్తున్నాయి. మూడు అంతస్తులూ శుభ్రం. గుట్ట ట్యాంకు నిజం చెబుతూనే ఉంది, ఒకటీ నాలుగు, ఒకటీ ఆరు అని. ఆ మాట పై అంతస్తు గడప దాకా వస్తోంది. గడప దగ్గర ఎవరో దాన్ని ఆపి, పాత మాటనే బోర్డుకు పంపుతున్నారు.

పై అంతస్తు తెరిచి చదివింది. ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. పదహారేళ్ళ కిందటి తేదీ, పక్కన తన పొడి అక్షరాలు, దాని పక్కన "తాత్కాలికం" అన్న మాట.

అప్పుడది మండువేసవి. గుట్ట మీద చెట్లు పెరిగి రేడియో గరగరమనేది. కింది అంతస్తులో చెడ్డ మాటల్ని ఏరేసే జల్లెడ వదులుగా ఉండేది. గరగరలో చెదిరిన మాట ఎప్పుడైనా ఒకటి జారిపోయి, రెండు మీటర్ల నీళ్ళు తొమ్మిదిగా కనిపించేవి. నిండిపోయిందనుకుని మోటారు ఆపేవారు. జల్లెడ బిగించాలంటే రెండు వారాల పని. జనం బిందెలతో ఆఫీసు ముందు నిలబడ్డారు. ఆవిడ ఒక్క గంటలో పని కానిచ్చేసింది. గుట్ట ట్యాంకు మాట వచ్చినప్పుడు రేడియో బలం ఎంతుందో చూడు, తక్కువగా ఉంటే ఆ మట్టాన్ని నమ్మకు, పాతదే చూపించు అని పై అంతస్తులోనే రాసేసింది. నీళ్ళ సంగతి తప్ప మరేదీ తెలియకూడని అంతస్తు చేత, నేలమాళిగలోకి తొంగిచూడమని తనే రాయించింది. వేసవి వెళ్ళిపోయింది. లైను ఉండిపోయింది.

కేబుల్‌కు రేడియో బలం ఎక్కడిది? కొత్త అంతస్తు రాసినప్పుడు ఆ చోట సున్నా పెట్టింది. అంటే పై అంతస్తు లెక్కలో గుట్ట ట్యాంకు మాట ఎప్పటికీ నమ్మదగింది కాదు.

మేస్త్రీ గుట్ట దిగి వచ్చాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, తెర మీది లైను చూపిస్తే కళ్ళు చికిలించి విన్నాడు. ఆయనకు ప్రోగ్రాములు చదవడం రాదుగాని ఆవిడ ముఖం చదవడం వచ్చు.

"అయితే అంతస్తులమ్మా, ఇన్నేళ్ళూ మీ పని మీరు చూసుకోండి, పైకి చూడకండి అని మమ్మల్ని గోతిలో కూర్చోబెట్టి, మీరు కిటికీలోంచి మా కొంపలోకి తొంగిచూశారన్నమాట."

"చూశాను అన్నా."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారి చూసి వదిలేస్తే బాగుండేది. నిమిషానికోసారి చూశాను, పదహారేళ్ళు."

మేస్త్రీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదని చూసి ఆపేశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఒక పని చేద్దాం. గుట్ట దగ్గర కేబుల్ సరిగ్గా గుచ్చలేదు, వదులైంది అని రాసిచ్చేస్తాను. నా మీద వేసేయండి. ఏం చెడినా ముందు కేబుల్‌నే తిడతారు, నాకలవాటే. మీ లైను మీరు చల్లగా తీసేయండి."

ఆవిడ బుర్రలో అంతకంటే తేలికైన దారి ఇంకొకటి మెదిలింది. కొత్త అంతస్తులో సున్నా ఉన్నచోట వంద పెడితే చాలు. కేబుల్, తాను రేడియోనని అబద్ధం చెబుతుంది. పై అంతస్తు నమ్ముతుంది. గుట్ట గీత కదులుతుంది. ఎవరికీ తెలియదు. అర నిమిషం పని. పదహారేళ్ళ కిందటి ఒక గంట కూడా ఇలాగే తేలిగ్గా వచ్చింది.

"వద్దన్నా," అంది. "గోతిలో ఆరు నెలలు కూర్చుని వేశారు ఆ కేబుల్. లేని జబ్బు దానికి అంటగట్టలేను."

"పోనీ, ఆ ప్యాకేజీ వచ్చి పడితే?"

"అది నా చేతిలో లేదుగా. ఆ పీడ తగలాలని రాసుంటే తగులుతుంది."

పెద్ద ఇంజనీరు గదిలో ఆవిడ కూర్చోలేదు. "ఒక్క లైను కూడా మార్చక్కర్లేదని మీటింగులో అన్నాను సార్. ఒక లైను ఉంది. రాసింది నేనే. కేబుల్‌లో దోషం లేదు" అని, గుట్ట ట్యాంకు కథంతా చెప్పింది. ఆయన కలం మూత తీసి, పెట్టడం మరిచిపోయి విన్నాడు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

ఇంకేమీ లేవు సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "తెలియదు" అంది.

"ఎప్పటికి తెలుస్తుంది?"

"చదివితే తెలుస్తుంది. పదకొండు వేల లైన్లు. సోమవారానికి చెబుతాను."

ఆయన కుర్చీ ఆవిడ వైపు జరుపుకున్నాడు. "మొన్న ప్యాకేజీ వాళ్ళనూ ఇదే అడిగాను, మీ దాంట్లో తప్పులెన్ని అని. ఒక్కటీ లేదన్నారు, వెంటనే. అప్పటినుంచీ నాకు ఎందుకో మనసు కుదుటపడలేదు." మూత పెట్టాడు. "రేడియోకి మళ్ళీ మార్చేయండి. మీరు చదవండి. పరీక్ష ఇంకోసారి పెడదాం, ఎప్పుడన్నది నేను చూసుకుంటాను. అది ఆఖరుది."

శనివారం పొద్దున అంతస్తులమ్మ భోజనాల బల్ల మీద కాగితాల దొంతర పెట్టుకుంది. తెర మీద చదివితే కళ్ళు పరుగెడతాయి, కాగితం మీదైతే నడుస్తాయి అని ఆవిడ నమ్మకం. భర్త గడియారాల కొట్టుకు వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడి, గంటగంటకీ ఒక్కో పేజీ వైపు జరుగుతోంది. అత్తగారు ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది. ఈ చెవికి ఆ చెవిని తీగతో కలిపే పని.

"రెండు రోజులైంది, అన్నం ముందు కూర్చుని గోడతో మాట్లాడుతున్నావు. ఏం పోయింది అమ్మాయ్?" అంది అత్తగారు.

కోడలు చెప్పింది. అంతస్తుల మాట ఆ ఇంట్లో కొత్త కాదు కాబట్టి అత్తగారు మధ్యలో ఒక్క ప్రశ్నే వేసింది, రేడియో బలం అంటే గొంతు గట్టిదనమేనా అని. అవునంది కోడలు.

"మాకూ ఉండేది అలాంటి రూలు. కలపడమే మన పని, వినడం కాదు. మాట అయిపోయి ఇద్దరూ పెట్టేస్తే మా బల్ల మీద దీపాలు వెలుగుతాయి. వెలిగితే తీగ పీకాలి. వెలగకపోతే ముట్టుకోకూడదు."

"మీరు వినేవారు కాదా అత్తయ్యా?"

"వినకుండా ఉంటామా, మనుషులం కాదూ." అత్తగారు ఒక బఠాణీ నోట్లో వేసుకుంది. "ఒకరోజు దూరపు లైన్ల కోసం పదిమంది కాచుకుని ఉన్నారు. ఒక లైనులో ఎంతసేపటికీ దీపం వెలగదు. చెవి పెట్టాను. చప్పుడు లేదు. నిమిషం, రెండు నిమిషాలు. పెట్టేయడం మరిచారు కాబోలనుకుని పీకేశాను. పది మందికి మేలు చేద్దామనే."

"తర్వాత?"

"నేను పీకేసిన లైను మనిషి పావుగంటకు మళ్ళీ చేశాడు. తిట్టలేదు. అన్నతో పన్నెండేళ్ళకి మాట్లాడుతున్నాడంట. తప్పయిందని చెప్పడానికి నోరు రాక, ఇద్దరూ ఊరుకుని ఉన్నారంట. అమ్మా, మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం, మీరు తీసేశారు అన్నాడు."

కోడలు కాగితం మీద నుంచి తలెత్తింది.

"మళ్ళీ కలిపారా?"

"కలిపాను. గంటన్నర కలిపి ఉంచాను. వెనక పదిమంది అరిచి చచ్చారు. దీపం వెలిగేదాకా నేను ముట్టుకోలేదు." అత్తగారు గిన్నె ఊపి బఠాణీలు సర్దింది. "మౌనం అంటే ఏంటో తేల్చాల్సింది నేను కాదని అప్పుడు తెలిసొచ్చింది. నీకు పదహారేళ్ళు పట్టింది, నాకు పావుగంట. ఎంతైనా నేను పెద్దదాన్ని కదా."

అంతస్తులమ్మకు గురువారం తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

ఆదివారం సాయంత్రానికి పదకొండు వేల లైన్లూ అయిపోయాయి. అలాంటివి ఇంకో రెండు దొరికాయి. ఒకచోట బోర్డు గీతలకు నీలం ముదురుగానో లేతగానో వేసే లైను, మాట ఏ టవర్ మీదుగా వచ్చిందో చూసి వేస్తోంది. ఇంకోచోట, అందిందన్న కబురు కోసం కాచుకునే అంతస్తు, రేడియో నత్తనడకను మనసులో పెట్టుకుని తొమ్మిది సెకన్లు ఊరికే కూర్చుంటోంది. రెండింటి పక్కనా ఆవిడ పొడి అక్షరాలే. చదువుతుంటే, అప్పటి తన మీద కోపం రాలేదు. తొందరలో ఉన్న ఒక చిన్నది, చెమట తుడుచుకుంటూ, ఈ ఒక్కసారికి అనుకుంటూ కనిపించింది. ఆ చిన్నదాని భుజం తట్టి పక్కకు జరగమని చెప్పినట్టు, ఆ మూడు లైన్లూ కొట్టేసింది. పదహారేళ్ళ కిందట బిగించాల్సిన జల్లెడను ఇప్పుడు బిగించింది, అది ఉండాల్సిన చోట, కింది అంతస్తులో. అనుమానం ఉన్న మాటను కిందే ఆపాలి. పైకి వచ్చిన మాటను పైవాళ్ళు నమ్మాలి.

సోమవారం పెద్ద ఇంజనీరుకు కాగితం ఇచ్చింది. మొత్తం మూడు అని రాసి, ఏది ఎక్కడో, ఎందుకు రాసిందో, ఎలా సరిచేసిందో కింద వివరంగా రాసింది. ఆయన చదివి సొరుగులో పెట్టాడు.

"పరీక్ష ఎప్పుడు సార్?"

"చూద్దాం."

మంగళవారం గడిచింది. బుధవారం ఆయన వరండాలో ఎదురుపడితే ఆవిడ ఆగింది, ఆయన ఆగలేదు. గురువారం ప్యాకేజీ కంపెనీ మనుషులు ఇద్దరు మెరిసే బూట్లతో వచ్చి, ఆయన గదిలో పావుగంట ఉండి వెళ్ళారు. ఆవిడ తన గదిలో కూర్చుని, పాత కాగితాలకు చిల్లులు వేసి దారం కట్టుకుంటూ, ఫిర్యాదుల విభాగం కిటికీ ఏ దిక్కున ఉందా అని ఆలోచించింది. తూర్పు అయితే పొద్దుటి ఎండ బాగుంటుంది.

శుక్రవారం నాలుగింటికి మేస్త్రీ రెండు గ్లాసుల టీ పట్టుకుని కంట్రోల్ రూమ్‌కు వచ్చాడు. ఒకటి ఆవిడ ముందు పెట్టాడు.

"ఎలా ఉన్నారు అంతస్తులమ్మా?"

"ఎలా ఉంటాను? పరీక్ష ఎప్పుడో మీ సార్ చెప్పడు. అడిగితే చూద్దామంటాడు. ఉరి వేస్తే వేయొచ్చు కదా, తాడు పేనుతూ కూర్చుంటే ఎలా?"

మేస్త్రీ టీ గ్లాసులోకి నవ్వాడు. బాబాయ్ పేపరు మీదుగా చూశాడు.

"ఏంటన్నా ఆ నవ్వు?"

"మంగళవారం పొద్దున్నే మార్చేశామమ్మా."

"ఏం మార్చేశారు?"

"రేడియో తీసి కేబుల్. నేనూ సారూ కలిసి. బాబాయ్‌కి కూడా చెప్పలేదు. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ రేడియోకి తిప్పాం. నిన్న పొద్దున మళ్ళీ కేబుల్. మీరు అక్కడ దారాలు కట్టుకుంటుంటే నేనిక్కడ తీగలు మారుస్తున్నాను."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి బోర్డు వైపు తిరిగింది. ముప్పై ఒక్క గీతలూ ఎవరి పాటికి అవి ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. గుట్ట ట్యాంకు రెండూ ఎనిమిది దగ్గరుంది. చూస్తుండగానే రెండూ ఏడు అయింది.

"ఇక్కడ కూర్చున్నవాణ్ణి నేను. నాకే చెప్పలేదా?" అన్నాడు బాబాయ్, అలిగినట్టు.

"మీకేమైనా తేడా తెలిసిందా బాబాయ్?"

ఆయన నాలుగు రోజుల్ని వెనక్కి తిప్పి చూసుకున్నాడు. "లేదు," అని ఒప్పుకున్నాడు.

గుమ్మంలో పెద్ద ఇంజనీరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "చెబితే మీరు బోర్డు ముందు కాపలా కూర్చుంటారు. ఎవరూ చూడనప్పుడు నడుస్తుందో లేదో నాకు కావాలి. నిన్న వచ్చినవాళ్ళ ఫైలు వాళ్ళకు తిరిగి ఇచ్చేశాను" అన్నాడు. ఇంకేదో అనబోయి, ఆ పాటికి చాలనుకున్నాడేమో, వెళ్ళిపోయాడు.

అంతస్తులమ్మకు ముందు కోపం వచ్చింది. నాలుగు రోజుల దిగులు తనకు ఊరికే పోయిందని. ఆ కోపాన్ని ఎవరి మీద వేయాలా అని చూసేలోపే అది ఆవిరైపోయింది. మంగళవారం పొద్దున తాను కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నప్పుడు, ఆ నీటి వెనక మాటలు గాలిని వదిలి వెలుగులోకి దిగాయి. బుధవారం మళ్ళీ గాలిలోకి ఎక్కాయి. పై అంతస్తుకు తెలియలేదు. పై అంతస్తు రాసిన మనిషికీ తెలియలేదు.

"అన్నా, ఈ నాలుగు రోజుల్లో మీ కేబుల్ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు" అంది.

"ఇంతకంటే పెద్ద బిరుదు నాకు ఇంకెవరిస్తారమ్మా," అని మేస్త్రీ తన గ్లాసు ఎత్తి తాగాడు.

గుట్ట గీత రెండూ అయిదుకు దిగింది. బాబాయ్ చేయి చాచి మోటారు వేశాడు. ఊరికి అటు చివర, గొట్టాల్లో నీళ్ళు గుట్ట ఎక్కడం మొదలుపెట్టాయి. ఆవిడ టీ తాగింది. ఈసారి అది నిజంగానే వేడిగా ఉంది.